తాళాల గుత్తి చేతికొస్తోంది కదా, శీనూ

చి. శ్రీనివాస్‌కు అత్తయ్య ఆశీస్సులు.

నీకు గ్రేడ్-2 హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చిందనీ, యర్రగొండపాలెం వైపు జడ్పీ హైస్కూలు కోరుకున్నావనీ మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతు వింటే నాకూ కళ్లు చెమర్చాయి. ఫోన్ పెట్టేశాక మాత్రం గుబులు పట్టుకుంది. నీకు లెక్కలు చెప్పడం వచ్చు, పిల్లల్ని నవ్వించడం వచ్చు. బడి తాళాలు ఎవరి చేతిలో పెట్టాలో, ఏవి పెట్టకూడదో మాత్రం నీకెవరూ చెప్పి ఉండరు. ఏ ట్రైనింగులోనూ ఆ ముక్క ఉండదు.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తాను. ప్రార్థనకు పది నిమిషాల ముందే గేటు దగ్గర నిలబడు. పిల్లల పేర్లు నేర్చుకో. టీచర్‌ను పిల్లల ముందు ఒక్క మాట కూడా అనకు, అనాల్సింది ఉంటే గదిలోకి పిలిచి అను. టీచర్ల ఖాళీ (లీజర్) పీరియడ్లు ఎవరివి ఎన్నిసార్లు తీసుకున్నావో ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. మెత్తగా ఉండే టీచరమ్మకే రోజూ అదనపు క్లాసు పడుతుంటే స్టాఫ్ రూమ్ నిన్ను ఎప్పటికీ నమ్మదు. కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మనసు చివుక్కుమనే మాటలూ ఆ సెక్షన్ కిందికే వస్తాయి, అది చాలామంది మర్చిపోతారు. నీ నోరు కొంచెం దురుసని నాకు తెలుసు కాబట్టి గుర్తు చేస్తున్నాను.

ఇక అసలు సంగతి. చార్జి ఇచ్చే రోజు పాత హెడ్మాస్టరు నీ ముందు తాళాల గుత్తీ, స్టాకు రిజిస్టర్ల కట్టా పెడతాడు. ఆయనకు రిలీవయ్యే తొందర, నీకు మొహమాటం. కాఫీ తాగుతూ "అన్నీ సరిపోయాయి" అని సంతకం పెట్టేస్తావు. మా తరం చేసిన తప్పంతా ఆ సంతకం దగ్గర మొదలైంది. నేనూ పెట్టినదాన్నే కాబట్టి దాని వెనక వచ్చేవన్నీ నాకు వరసగా తెలుసు.

రిజిస్టరులో 1,200 పుస్తకాలుంటాయి, బీరువాలో వెయ్యి కూడా ఉండవు. సంతకం పెట్టిన నిమిషం నుంచి ఆ తేడా నీ నెత్తిమీదే. ఆడిట్ వాళ్లు రాస్తే నీ దగ్గర్నుంచే రికవరీ. లెక్క తేలకపోతే రిటైరయ్యే నాడు బాకీ ఏమీ లేదనే నో-డ్యూస్ కాగితం రాదు, పెన్షన్ కాగితాలు కదలవు. పోయినవి ఎలాగూ పోయాయి, ఉన్నవైనా పోకూడదని బీరువాకు తాళం వేస్తాం. తర్వాత సైన్సు గదికి. తర్వాత ఆటవస్తువుల పెట్టెకు. క్రికెట్ బ్యాట్లు మీద కాగితం కూడా చించకుండా లోపల ఉంటాయి, పిల్లలు బయట కొబ్బరి మట్టతో ఆడుకుంటూ ఉంటారు. పిల్లలు తమ చేత్తో నమూనాలు చేసి చూడాలని 20 లక్షల గ్రాంటుతో వచ్చిన అటల్ టింకరింగ్ ల్యాబులు కూడా కొన్నిచోట్ల ఇలాగే దుప్పటి కప్పుకుని ఉంటాయి, ఇన్‌స్పెక్షన్ రోజున దుప్పటి తీస్తారు.

తాళం వేస్తే వస్తువు భద్రంగా ఉంటుందని మనం అనుకుంటాం. ఉండదు. గాలాడని బీరువాలో పుస్తకాలకు వెండిపురుగు పడుతుంది, గోడకు ఆనించి ఉంటే చెద పడుతుంది. దండయస్కాంతాల జతను ఎదురు ధ్రువాలు పక్కపక్కన వచ్చేలా పెట్టకుండా, కొసలకు ఇనుపముక్కలు ఆనించకుండా వదిలేస్తే వాటి బలం తగ్గిపోతుంది. మల్టీమీటర్లలో వదిలేసిన సెల్స్ కారి లోపలి తీగల్ని తినేస్తాయి. మైక్రోస్కోపు కటకాల మీద బూజు తీగల్లా పాకుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మూత సరిగా లేకపోతే ఆ ఆవిరికి పక్కనున్న ఇనుప సామానంతా తుప్పు పడుతుంది. రిజిస్టరులో మాత్రం అన్నీ ఉంటాయి!

వస్తువులు పాడైతే పోనీ అనుకోవచ్చు. ఆరో తరగతిలో చేరిన పిల్ల ఐదేళ్లపాటు ఆ తాళం ముందు నుంచే నడిచి వెళుతుంది. మనల్ని దొంగల్లా చూస్తున్నారని ఆ పిల్లకు ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. టీచర్లకూ అదే అర్థమవుతుంది. బీకరు పగిలితే హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకోవాల్సిన సైన్సు మాస్టారు ప్రయోగం బోర్డు మీద గీసి ఊరుకుంటాడు. ఆయన్ని సోమరి అని మనమే అంటాం.

అందుకని చార్జి లిస్టు మీద సంతకానికి వారం అడుగు. పాత హెడ్మాస్టరు నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ఇద్దరు టీచర్లనూ, రికార్డ్ అసిస్టెంటునూ కూర్చోబెట్టుకుని ప్రతి వస్తువూ బయటపెట్టి చూడు. ఉన్నవి, పాడైనవి, లేనివి అని మూడు వరసలు రాసి, ఆ కాగితం మీద అందరి సంతకాలతో చార్జి తీసుకో. పాడైనవాటికి స్టాఫ్ మీటింగులో తీర్మానం రాసి, లెక్కల్లోంచి కొట్టేయడానికి (రైట్ ఆఫ్) డిప్యూటీ విద్యాధికారి ద్వారా పైకి పంపు. అరిగిపోయే సామాను ఒక రిజిస్టరులో, నిలిచే సామాను ఇంకో రిజిస్టరులో ఉండాలి. సుద్దముక్కనూ బీరువానూ ఒకే పుస్తకంలో రాసిన బడులున్నాయి, అక్కడ ఆడిట్ ఎన్నటికీ తెగదు. గాజు సామానుకు విడిగా బ్రేకేజ్ రిజిస్టరు పెట్టు. పగిలిన రోజే తేదీ వేసి సైన్సు మాస్టారు రాస్తాడు, నువ్వు కారణం అడగకుండా సంతకం పెడతావు. మొదటి మూడు నెలలు అలా అడగకుండా పెట్టు చాలు, తర్వాత ఆయనే కారణాలు చెబుతాడు.

పుస్తకాలు పోతాయి. పోనీ. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల్లో (2017) 215వ నియమం చదువు. ఏడాదిలో వాడకానికి ఇచ్చిన వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేననీ, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే తప్పు కాదనీ అందులో ఉంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో అరుదైన పుస్తకమో పోతేనే విచారణ తప్పదు. అది మన జిల్లా పరిషత్తు బడులకోసం రాసింది కాదు. అయినా ఆడిటర్ ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితం జేబులో ఉంటే నీకు గొంతు పెగులుతుంది.

నలభైమంది ఉన్న తరగతికి అరవై పుస్తకాలు ఇవ్వు. సరిగ్గా నలభై ఇస్తే చివర వచ్చినవాడికి ఎంచుకోడానికేమీ మిగలదు. తరగతి గదిలో దండెం కట్టి వేలాడదీయించు, నెలకోసారి పక్క తరగతితో మార్పించు. లెక్క ఇద్దరు పిల్లలు రాస్తారు. పేరు, పుస్తకం, తేదీ ఉంటే సరిపోతుంది. చిరిగితే డబ్బు కట్టించకు, చించినవాడే అతికించాలి. అర లీటరు నీళ్లలో వంద గ్రాముల మైదా కలిపి జిగురు కాచి, చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. మైలుతుత్తం విషం, కాబట్టి జిగురు కాచేదీ కలిపేదీ పెద్దవాళ్లే. పిల్లలు అతికించాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

చూశావా, మళ్లీ విషం దగ్గరికే వచ్చాను. తాళాలు అన్నీ తీసేయమనడం లేదురా. ఆటల పెట్టె తాళం తొమ్మిదో తరగతివాళ్లకివ్వు, ల్యాబు తాళం సైన్సు మాస్టారికివ్వు, ఎవరి దగ్గర ఏదుందో గోడ మీద రాసిపెట్టు. యాసిడ్ బీరువా, కరెంటు మెయిన్ బోర్డు, బియ్యం గది, ఈ మూడు తాళాలూ మాత్రం పిల్లల చేతికి ఎప్పుడూ ఇవ్వకు.

జూలై 16 అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 2004లో ఆ రోజే కుంభకోణంలో బడి వంటశాల నిప్పు పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. 2013లో మళ్లీ అదే తారీఖున బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది, మన పత్తి చేలల్లో కొట్టిన మందే. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పినా హెడ్మిస్ట్రెస్ వినలేదని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి.

నమ్మకం గురించి మీటింగుల్లో చాలా మాట్లాడతారు. నీ బడిలో అది ఉందో లేదో తెలియాలంటే వంటామెను చూడు. "సారూ, ఈ రోజు పప్పు పెట్టొద్దు, వాసన బాలేదు" అని ఆమె నీ ముందుకొచ్చి అనగలదా? అలా అనాలంటే అంతకుముందు చాలాసార్లు ఆమె మాట నువ్వు విని ఉండాలి. ఆమెను కుర్చీలో కూర్చోమని ఉండాలి. బిల్లు ఆలస్యమైతే నీ అంతట నువ్వే ఫోన్ చేసి కనుక్కుని ఉండాలి. మొదటిసారి ఆమె వద్దన్న రోజున, అనుమానం తప్పే అయినా సరే, ఆ గిన్నె పారబోయించు. ఖర్చవుతుంది. కానీ ఆ సంగతి ఊరంతా తెలుస్తుంది.

నూనె ప్యాకెట్‌ను పాత డబ్బాల్లో పోయనివ్వకు. చెదల మందు బియ్యం గది ఛాయలకు కూడా రాకూడదు. వడ్డనకు ముందు ఒక టీచరు, వంటామె రుచి చూసి సంతకం పెట్టాలి, తిని పెట్టాలి. నెలాఖరున ఒకే పెన్నుతో ముప్పై సంతకాలు పెట్టిన రిజిస్టర్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

గ్రాంటు సంగతి రెండు మాటల్లో చెబుతాను. 250 దాటి వెయ్యి లోపు పిల్లలుంటే సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద స్కూలు గ్రాంటు 75,000 వరకూ వస్తుంది, అందులో పదో వంతైనా శుభ్రతకు పెట్టాలి. ఖర్చు చేసిన ప్రతి రూపాయీ స్టాఫ్ రూమ్ బోర్డు మీద రాయించు.

పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్‌ అవార్డుకు బడికి ఐదు ఆలోచనలు పంపొచ్చు, ఎంపికైన పిల్లవాడి ఖాతాలో 10,000 పడతాయి. గడువు చివరి రాత్రి గైడ్ టీచరు యూట్యూబ్ చూసి ఐదూ తనే రాసేస్తాడు, ఎక్కడైనా జరిగేది ఇదే. నువ్వు జూన్‌లోనే తరగతికో నోటుబుక్కు పెట్టించు. ఇంట్లో అమ్మకు ఏ పని చేస్తుంటే నొప్పి పుడుతుందో అందులో రాయమను. మిరపకాయలు కోసి మండే చేతులు, నీళ్ల డబ్బాలు మోసి వంగిన నడుము అన్నీ వస్తాయి. పనిచేయని నమూనాను కూడా ప్రదర్శనలో పెట్టించు, ఎందుకు పనిచేయలేదో పక్కన రాసి. పనిచేసినవాటికే చోటిస్తే తర్వాతి ఏడు అందరూ దుకాణంలో కొన్న థర్మాకోల్ అగ్నిపర్వతాలే తెస్తారు.

అక్కడ సుగాలి తండాల పిల్లలు ఎక్కువ. ఇంట్లో వాళ్ల లంబాడీ భాష గోర్ బోలీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. తప్పు తెలుగు మాట్లాడితే నవ్వే టీచరును ఆ రోజే గదికి పిలువు. ప్రార్థనలో వారానికోసారి వాళ్ల మాటలో ఒక కథో పాటో ఉండనీ. భోజనం వరసలు తరగతుల వారీగా వేయించు, ఊళ్ల వారీగా వేస్తే కులాల వారీ అయిపోతుంది.

ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజున "ఎస్సీ పిల్లలు లేవండి, ఎస్టీ పిల్లలు లేవండి" అని నిండు తరగతిలో పిలుస్తారు. పిలిచేవాళ్లకు అది ఉట్టి గుమాస్తా పని. లేచి నిలబడిన పిల్లకు ఆ నిమిషం జన్మంతా గుర్తుంటుంది. జాబితాలో పేర్లు రాసి, ఒక్కొక్కర్నీ ఆఫీసుకు పిలిపించు. అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంట నీ దగ్గర లేదని మాత్రం నాకు చెప్పకు, నేను ఊరుకోను.

సంక్రాంతి దాటాక ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు వెళ్లిపోతారు. ఆ పిల్లల పేర్లు కొట్టేయించకు. వలస వెళ్లినవాళ్ల పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ కోసం డిసెంబరులో కాదు, దసరాకు ముందే కాగితం పెట్టు. తల్లులతో మాట్లాడాలంటే పొద్దున పదింటికి మీటింగు పెట్టకు, ఆ పూట కూలి పోతుంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లు ఉండాలి అని చట్టం రాసింది గానీ, ఏ వేళకు పిలవాలో రాయలేదు. సాయంత్రం ఆరు దాటాక నువ్వే తండాకు వెళ్లి, వేపచెట్టు కిందో రామాలయం అరుగు మీదో కూర్చో. పిల్లవాడి గురించి ఒక మంచి మాట ముందు చెప్పు, మార్కులు తర్వాత.

నాన్నా, వేళకు తిను. హెడ్మాస్టర్లకు అల్సర్ రావడానికి సగం కారణం వివరాలు ఎక్కించాల్సిన యాప్‌లు, సగం కారణం మూడింటికి తినడం. వానలు మొదలయ్యేలోపు ప్రహరీగోడ బీటలు చూయించు. నీళ్ల ట్యాంకు కడిగిన తేదీ దాని మీదే పెయింటుతో రాయించు.

జూలై 16న మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేస్తాను. బడి వేళలో ఎత్తనని అనకు. "పిల్లలు తిన్నారు అత్తయ్యా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేయ్.

మీ అత్తయ్య