నవల కోసం ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాజాంలో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మావారిది ఎరువుల షాపు. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. లాంగ్ నోట్‌బుక్‌లో 140 పేజీలయ్యాక ఆగిపోయింది. ఉద్యోగం మానేస్తే పూర్తవుతుందనిపిస్తోంది. మావారేమో "ఎవరు చదువుతారని?" అంటారు. తన కథే రాస్తున్నానని అత్తగారు నాతో మాట్లాడటం తగ్గించారు. ఒకాయన రూ.80 వేలిస్తే 500 కాపీలు వేసిస్తానంటున్నాడు. ఏం చెయ్యను?

జవాబు: ఉద్యోగం మానొద్దమ్మా. మానితే రోజంతా రాసుకోవచ్చని మీ ఆశ. కానీ ఇంటిపట్టున ఉన్న కోడలికి రోజంతా దొరికేది ఇంటిపనే. పైగా జీతం ఆగిన నెల నుంచీ ఏ ఖర్చుకు ఇబ్బందైనా తప్పు నవల మీదికే వస్తుంది. కథకుడు కాళీపట్నం రామారావు, మన శ్రీకాకుళం కారా మాస్టారు, బడిపంతులుగా పనిచేస్తూనే కథలు రాశారు.

ముందు మీరు ఎంత రాశారో లెక్కేద్దాం. చేతిరాతలో పేజీకి 160 పదాలనుకుంటే 22 వేల పైమాట. డెమ్మీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, పేజీకి 230 పదాల చొప్పున అచ్చయితే దాదాపు వంద పేజీలు. అంటే 200 పేజీల నవలలో సగం అయిపోయినట్టే. మిగతా సగానికి రోజుకో గంట, గంటకు 250 పదాలు, వారానికి అయిదు రోజులు వేసుకున్నా 18, 19 వారాలు. పరీక్ష పేపర్లు దిద్దడం, పండగలు, పిల్లల జ్వరాలు కలుపుకుంటే ఆరు నెలలు.

మీవారిని అడగాల్సింది ఈ ఆరు నెలలే. "ఎవరు చదువుతారు" అన్నదానికి వాదన పెట్టుకోకండి, దానికి ఇప్పుడు ఎవరి దగ్గరా జవాబుండదు. భోజనాల దగ్గర అత్తగారి ముందు కాకుండా, షాపు లెక్కలు ముగిశాక ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: "పొద్దున్న అయిదు నుంచి ఆరు దాకా నాకు కావాలి. ఆ గంట పాలు, పిల్లలు మీరు చూసుకోండి. ఆరు నెలలు చాలు. డబ్బు అడగను." ఏ గంట, ఎన్నాళ్లు, ఆయన చేయాల్సిన పనేమిటి అన్నది తెలిస్తే ఒప్పుకోవడం తేలిక. "నన్నెవరూ అర్థం చేసుకోరు" అంటే మాత్రం పాత గొడవలన్నీ బయటికొస్తాయి. రెండు రోజులు తప్పితే మూడో రోజు మళ్లీ కూర్చోండి, ఆ నష్టాన్ని ఆదివారం పూడ్చాలని పంతం పట్టకండి.

సగంలో ఆగడానికి టైము లేకపోవడం ఒక్కటే కారణం కాదు. రాసిన మొదటి అధ్యాయాలనే మళ్లీ మళ్లీ దిద్దడం ఒకటి. పాత్ర గతమంతా మొదటి నలభై పేజీల్లోనే చెప్పేయడం ఇంకొకటి. అలా చెప్పేస్తే తర్వాత ఏం జరగాలో రాసేవాళ్లకే తోచదు. ఒక తెల్లకాగితం మీద అధ్యాయానికి ఒక్క వాక్యం రాయండి: ఇది ఎవరిది, చివరికి ఏం మారింది? ఏమీ మారని అధ్యాయాన్ని చింపకుండా పక్కన పెట్టండి. ముందే చెప్పేసిన గతంలో ఒక ముఖ్యమైన సంగతిని వెనక్కి జరపండి, రెండో సగానికి కథ దొరుకుతుంది. భాష దిద్దుబాటు ఇప్పుడొద్దు. గురజాడ 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు కొత్తగా తిరగరాశారు. చివరిదాకా రాసింది చేతిలో ఉంటేనే తిరగరాయడం.

దాంతోపాటు కథలో ఏది ఏ నెలలో జరుగుతుందో పట్టిక ఒకటి వేసుకోండి, పాత్రల వయసులతో సహా. విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను విజయదశమి తర్వాతి మంగళవారం తిరుగుతుంది. అప్పటికి వరి ఇంకా పచ్చగానే ఉంటుంది. సిరిమాను చూసొచ్చిన మర్నాడే కోతలకు వెళ్లారని రాస్తే మన జిల్లా పాఠకులు పుస్తకం అక్కడే మూసేస్తారు. యాస కూడా అంతే. ఒక ముసలమ్మ ఒకచోట "ఎక్కడికెల్తన్నావు" అని, పది పేజీల తర్వాత "ఎక్కడికి వెళ్తున్నావు" అంటే ఆ మనిషి మీద నమ్మకం పోతుంది. ఆమె మాటలు గట్టిగా చదువుకుంటే ఈ తేడా చెవికి వెంటనే తగులుతుంది.

అత్తగారి భయాన్ని తీసిపారేయకండి, అందులో న్యాయముంది. పేరు మార్చినంత మాత్రాన ఊళ్లో మనిషి మారదు. ఇంటి వృత్తి, పిల్లల సంఖ్య, ఆస్తి తగాదా, ఏ ఒక్కటి కలిసినా గుర్తుపడతారు. ఇద్దరు ముగ్గురు మనుషుల్ని కలిపి ఒక పాత్ర చేయండి, సంఘటనకు కారణం మార్చండి. ఆమె మీకు నమ్మి చెప్పుకున్న మాట ఏదైనా యథాతథంగా ఉంటే తీసేయండి. నవల దానికోసం ఆగిపోదు. ఈ మాట ఆమెకు మీరే చెప్పండి, "మీ సంగతులు మీరు వద్దంటే రాయను" అని. మౌనం కొంత అక్కడే కరుగుతుంది.

ఇక రూ.80 వేలు. ఇవ్వొద్దు. పుస్తకం ధర రూ.200 పెట్టారనుకోండి. షాపులవాళ్ల కమిషన్ 40 శాతం పోతే మీకొచ్చేది రూ.120. అయిదు వందలూ అమ్ముడైనా రూ.60 వేలే. పంచిపెట్టేవి పోను మిగిలినవి మంచం కింద ఉంటాయి. ప్రూఫులు ఎవరు చూస్తారు, షాపులకు ఎవరు చేరుస్తారు, హక్కులు ఎవరివి, ఇవేవీ కాగితం మీద లేకపోతే అసలు మాట్లాడొద్దు. కాపీరైటు రాసిన క్షణం నుంచీ మీదే, దానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు కూడా ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

పూర్తయ్యాక ఇద్దరికి చదవమనివ్వండి, చుట్టాలకు కాదు. "ఎలా ఉంది" అనకుండా "ఎక్కడ ఆపేశారు, ఎవర్ని ఎవరనుకుని పొరబడ్డారు" అని అడగండి. తర్వాత పత్రికల నవలల పోటీలకు పంపండి. వాటికి ఇంకెక్కడా ప్రచురించలేదని హామీపత్రం అడుగుతారు, ఫేస్‌బుక్‌లో పెట్టినా లెక్కలోకి రావచ్చు. కాబట్టి భాగాలుగా అక్కడ పెట్టకండి. ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేస్తే, ప్రెస్సువాళ్లు అచ్చుకు వాడే "అను" అనే ఫాంట్లలోకి మార్చాక ఒత్తులు తారుమారు కావచ్చు. మార్చిన తర్వాత వచ్చిన ప్రూఫే చివరిదాకా చూడాలి.

ఆ 140 పేజీలకు ఇంకో నకలు ఉన్నట్టు మీరు రాయలేదు. ఈ ఆదివారమే పేజీ పేజీ ఫోన్లో ఫొటో తీసి మీ మెయిల్‌కు పంపుకోండి.