టెన్షన్‌కీ వంశపారంపర్య గుండె లయ జబ్బుకీ ఏం సంబంధం?

మీ తమ్ముడు పరిగెడుతూ కూలిపోయాడు, మీ బాబాయిగారు నిద్రలోనే పోయారు, ఈసీజీ బాగానే ఉన్నా డాక్టరేమో టెన్షన్ తగ్గించుకోమన్నారు, అసలు టెన్షన్‌కీ వంశంలో వచ్చే జబ్బుకీ సంబంధమేంటి అని అడిగారు కదండీ. సంబంధం గట్టిగానే ఉంది. కానీ అంతా టెన్షనే అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అసలు సంగతి చేజారిపోతుంది.

మాది కోనసీమ, మా మేనకోడలికి లాంగ్ క్యూటీ టైప్ 1, అంటే ప్రతి దెబ్బ తర్వాత గుండె తేరుకోవడానికి ఎక్కువ సమయం పట్టే వంశపారంపర్య లయ జబ్బులో ఒక రకం. ఈత బాగా వచ్చిన పిల్ల, పంట కాలవలో దూకి నాలుగు బారలు వేసిందో లేదో చేతులు ఆడటం ఆగిపోయి మునిగిపోయింది. గట్టున గేదెల్ని కడుగుతున్నాయన దూకి జుట్టు పట్టి లాగబట్టి దక్కింది. ఫిట్స్ అన్నారు, చాలాకాలం ఆ మందులే వాడాం. తర్వాత ఒక డాక్టరమ్మ ‘పడిపోయే ముందు ఏం చేస్తోంది?’ అని ఒక్కో సంఘటనా విడిగా అడిగింది. ప్రతిసారీ ఈతో పరుగో. వెంటనే ట్రెడ్‌మిల్ మీద పరీక్ష చేయించింది, జబ్బు అక్కడ బయటపడింది.

గుండెకు మన చెప్పుచేతల్లో లేని నరాలు రెండు రకాలు. సింపథెటిక్ నరాలు వేగం పెంచుతాయి, వేగస్ నరం తగ్గిస్తుంది. వేగం పెరిగినప్పుడు గుండె కండరం ప్రతి దెబ్బ తర్వాత తేరుకునే సమయం కూడా తగ్గాలి, అందుకోసం టెన్షన్‌లోనూ పరుగులోనూ ఒంట్లో పెరిగే అడ్రినలిన్ అనే హార్మోను, గుండె కణంలోంచి పొటాషియం బయటికి పోయే ఒక దారిని మరింత తెరుస్తుంది. టైప్ 1లో కేసీఎన్‌క్యూ1 జన్యువు లోపం వల్ల ఆ దారే సరిగ్గా పనిచేయదు. గుండె పరిగెడుతుంది, తేరుకోవడం వెనకబడుతుంది, లయ తెగిపోతుంది. లాంగ్ క్యూటీలోనే టైప్ 2 వాళ్ళకి ఎక్కువగా ఉలిక్కిపాటు ప్రమాదం, నిద్రలో అలారమో ఫోనో మోగినా చాలు. సీపీవీటీ అని వంశంలో వచ్చే లయ జబ్బే ఇంకోటుంది, ఊరికే పడుకోబెట్టి తీస్తే ఈసీజీ మామూలుగా ఉంటుంది, పరుగులోనో కోపంలోనో బయటపడుతుంది.

నిద్రలో పోవడం వేరే కథ. లాంగ్ క్యూటీ టైప్ 3లోనూ, బ్రుగాడా అనే మరో వంశపారంపర్య లయ జబ్బులోనూ ప్రమాదం ఎక్కువగా విశ్రాంతిలో, రాత్రిపూట, అంటే వేగస్ నరానిది పైచేయి అయినప్పుడు. బ్రుగాడాని 1992లో ఇద్దరు అన్నదమ్ములు వివరించారు, అందులో జ్వరం కూడా ప్రమాదమే, వెంటనే తగ్గించుకోవాలి. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది ఒకటే జబ్బని ముందే అనుకోవద్దు.

బీటా బ్లాకర్లు టైప్ 1కీ సీపీవీటీకీ బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అవి అడ్రినలిన్‌నే అడ్డుకుంటాయి. మా పిల్లకి ప్రొప్రనొలాల్, పూట తప్పనివ్వం. మందులు చాలకపోతే ఎడమవైపు సింపథెటిక్ నరాలు కత్తిరించే ఆపరేషన్ కూడా ఉంది. బ్రుగాడాకి మాత్రం బీటా బ్లాకర్ మందు కాదు.

ఇంకొకటి, మనవైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి చెప్పక తప్పదు. ఇలాంటి జన్యువు లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తే పుట్టు చెవుడుతో పాటు తీవ్రమైన లాంగ్ క్యూటీ రావచ్చు. చెవుడున్న పిల్లలు స్పృహ తప్పితే ఈసీజీ తీయించకుండా వదలకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఎవరెవరు ఏం చేస్తూ పడిపోయారు, జ్వరం ఉందా, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ కాగితం మీద రాసుకోండి. లాంగ్ క్యూటీ అని తేలితే ఊళ్ళో ఆర్‌ఎంపీకి కూడా చెప్పండి, అజిత్రోమైసిన్, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి వీళ్ళకి ప్రమాదం.