పాడేది కోయిలమ్మ కాదు

"బెంగళూరులో మా ఇంటి వెనక రకరకాల పిట్టలు వాలుతున్నాయి. రూపం, కూత బట్టి ఏది ఏదో తెలుసుకోవడం ఎలా?" అని ఒకరు అడిగారు.

రంగును నమ్మకండి. ముందు కూత వినండి, తర్వాత ముక్కు, తోక చూడండి. రంగు సంగతి అన్నిటికన్నా చివర. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఒక పిట్టను వారం రోజుల పాటు డేగ అనుకున్నాం.

రామమూర్తినగర్‌లో మేముండే అద్దె ఇంటి వెనక ఒక చెట్టుంది. చిన్న ఎర్ర పళ్లు, తియ్యగా ఉంటాయి. ఇక్కడివాళ్లు గసగసె హణ్ణు అంటారు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మదనపల్లె నుంచి మా అత్తయ్య వచ్చారు. ఒకరోజు పొద్దున్నే "అమ్మాయ్, డేగ వచ్చింది, తొందరగా రా" అని కేకేశారు. వెళ్లి చూస్తే కొమ్మల్లో గోధుమరంగు పిట్ట. వీపంతా తెల్ల చుక్కలు, పొట్ట మీద, తోక మీద అడ్డచారలు. రెండు కాకులు దాన్ని నిలవనివ్వకుండా తరుముతున్నాయి. "కాకులు ఇలా తరిమేది డేగనే" అన్నారు అత్తయ్య. ఊళ్లో ఏళ్ల తరబడి కోడిపిల్లల్ని కాచిన మనిషి, కాదని ఎలా అనను?

కానీ అది రోజూ వచ్చేది, వచ్చి పళ్లు తినేది. డేగ పళ్లెందుకు తింటుంది? ముక్కు చూస్తే కొక్కెంలా వంగి లేదు. కళ్లు మాత్రం ఎర్రగా నిప్పుకణికల్లా ఉన్నాయి. ఫోన్‌లో ఫోటోలు తీశాను, అన్నిట్లో ఆకులే పడ్డాయి.

వారం తర్వాత అది కూసింది. కిక్ కిక్ కిక్ కిక్ అని, ఊపిరి తీసుకోకుండా, గదమాయిస్తున్నట్టు. మా ఓనర్ గారి అమ్మ పక్కనే బట్టలు ఆరేస్తున్నారు. ఆ అజ్జి తలెత్తి కూడా చూడలేదు. "అదు హెణ్ణు కోగిలె" అన్నారు. ఆడ కోయిల! కాసేపటికి నల్లటి మగది వచ్చి పక్క కొమ్మ మీద వాలి, మనందరికీ తెలిసిన ఆ కూ... ఊ మొదలుపెట్టింది. దాని కళ్లూ అంతే ఎరుపు. కాకుల కోపం కూడా అప్పుడర్థమైంది. కోయిల గుడ్లు పెట్టేది ఎక్కువగా వాటి గూళ్లలోనే కదా.

ఇక్కడ నాకొక బాధ ఉంది. "కోయిలమ్మ పాడింది" అని తరతరాలుగా అంటున్నాం. ఆ పాట పాడేది మగది. ఆడదానికి వేరే గొంతు, వేరే రూపం ఉన్నాయి. పిల్లల పుస్తకాల్లో నల్ల కోయిల బొమ్మ ఒక్కటే వేస్తారు. మరి ఆ పిల్లలు పెరట్లో చుక్కల పిట్టను చూసి కోయిల అని ఎలా అనుకుంటారు? పక్కన ఆడదాని బొమ్మ కూడా వేయాలి, అంతే.

మాగ్‌పై రాబిన్ అనే పిట్టకూ ఇదే అన్యాయం జరుగుతుంది. మగది నలుపు తెలుపు, ఆడదానికి ఆ నలుపున్న చోట బూడిదరంగు. ఎండాకాలంలో తెల్లవారకముందే కరెంటు తీగ మీద కూర్చుని తోక ఎగరేస్తూ ఈల వేసినట్టు పాడుతుంటే అదే. పికిలిపిట్టలు మాత్రం ఆడా మగా ఒకేలా ఉంటాయి, అయితే మన పెరళ్లలో రెండు రకాలు తిరుగుతాయి. తోక కింద ఎరుపు రెండింటికీ ఉంటుంది కాబట్టి అది చూసి లాభం లేదు. తల మీద కొమ్ములా నిలువు జుట్టు, తెల్లటి చెంప ఉంటే ఒక రకం, తలంతా నలుపై జుట్టు పొట్టిగా ఉంటే రెండోది. చెట్టులోంచి టుక్ టుక్ టుక్ అని కంసాలి సుత్తి దెబ్బలా ఆగకుండా వినిపిస్తే కంసాలి పిట్ట. అది ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోతుంది. దాని కోసం కళ్లు నొప్పి పుట్టేలా వెతకకండి, కూత చాలు.

కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం, కూత విని పేరు చూపిస్తుంది. వాడండి. కానీ అది పేరు చూపించగానే ఫోన్ జేబులో పెట్టుకోకండి, ఆ పిట్ట కనిపించేదాకా నిలబడండి. ఇంకో మాట. ఫోటో కోసం రికార్డు చేసిన కూతను స్పీకర్‌లో పెట్టి పిట్టల్ని రప్పించేవాళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. తన చోటులోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలేసి పోట్లాటకు వస్తుంది. గూటిలో పిల్లలుంటే వాటి గతేమిటి?

పోయిన ఏప్రిల్‌లో అత్తయ్య మదనపల్లె నుంచి ఫోన్ చేశారు. హలో కూడా అనలేదు. "ఉండు, ఉండు" అని ఫోన్ కిటికీ దగ్గర పెట్టారు. కిక్ కిక్ కిక్ కిక్.

"విన్నావా? ఆడది" అన్నారు.