కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తే

చెల్లె, నాలుగో నెల నడుస్తోంది, పళ్లు తోముకుంటే రక్తం వస్తోంది, ఈ టైంలో పళ్ల డాక్టర్ దగ్గరికి పోవద్దని అత్తమ్మ అంటోంది అని రాశావు. చదవగానే నా మొదటి కాన్పు గుర్తొచ్చింది. మాది నర్సంపేట దగ్గర పల్లె. మూడో నెల నుంచే నా బ్రష్ ఎర్రగా అయ్యేది. భయపడి తోముకోవడమే తగ్గించాను. వేలితో ఇంత పేస్టు రుద్దుకుని కడిగేసుకునేదాన్ని. నేను చేసిన పెద్ద తప్పు అదే.

కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్లకు రక్తం ఎక్కువగా చేరుతుంది. పళ్ల మొదట్లో కొంచెం పాచి ఉన్నా చాలు, వాచిపోతాయి. తోమడం మానితే పాచి ఇంకా పేరుకుంటుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్ తీసుకుని ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు పూటలా నిదానంగా తోముకో. బొగ్గుపొడి, ఇటుకపొడి జోలికి పోకు.

వాంతులు అవుతున్నాయా? అయిన వెంటనే బ్రష్ చేయకు. కడుపులోని యాసిడ్ తగిలి పంటి పైపొర అప్పటికి మెత్తబడి ఉంటుంది, రుద్దితే అరుగుతుంది. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మెయ్. సోడా లేకుంటే ఉత్త నీళ్లే. గంట ఆగి తోముకో. పుల్ల మామిడికాయ, చింతపండు తిన్నాక కూడా నీళ్లతో పుక్కిలించు.

నాకు ఏడో నెలలో సంక్రాంతి వచ్చింది. పుచ్చిన దవడ పంటిలో సకినం ముక్క ఇరుక్కుంది. ఆ రాత్రి పడ్డ బాధ ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంట్లో మిగిలిన ఐబుప్రొఫెన్ గోలీ వేసుకున్నాను. తర్వాత చెకప్‌లో డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. 20 వారాలు దాటాక ఆ మందుతో బిడ్డ కిడ్నీల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉందట. నొప్పికి పారాసిటమాల్ అయినా డాక్టర్‌ని అడిగే వేసుకో. డాక్సీసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్ మందులు అసలే వద్దు, పుట్టే బిడ్డ పళ్లకు రంగు పడుతుంది.

అప్పుడు పోయిన ఒక క్లినిక్‌లో "డెలివరీ అయ్యాక రామ్మా" అని పంపేశారు. రెండు నెలలు ఒక పక్కనే నమిలాను. అలా ఆగాల్సిన పని లేదని రెండో కాన్పప్పుడు తెలిసింది. నొప్పి, వాపు, చీము ఉంటే ఏ నెలలోనైనా చూడాల్సిందే. ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే పో. మామూలు క్లీనింగ్, సిమెంట్ నింపడం లాంటివి నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు చేయించుకుంటే సుఖంగా ఉంటుంది. అంటే నీకు ఇదే సరైన టైం. లిడోకైన్ అనే మత్తు సూది, అవసరమైతే సీసం ఆప్రాన్ కప్పి తీసే పంటి ఎక్స్‌రే ప్రమాదం కాదు. నెలలు నిండేకొద్దీ కుర్చీలో వెల్లకిలా పడుకుంటే కళ్లు తిరుగుతాయి, ఎడమ పక్కకు కొంచెం ఒరిగేలా నడుము కింద దిండు పెట్టమని అడుగు.

చిగురు మీద ఎర్రగా చిన్న గడ్డ లేస్తే క్యాన్సర్ అని టెన్షన్ పడకు. కడుపుతో ఉన్నవాళ్లకు అలా వస్తుంది, చాలావరకు కాన్పు తర్వాత కరిగిపోతుంది. అయినా చూపించుకో.

మా అవ్వ "బిడ్డ మన పండ్లల్ల బలం గుంజుకుంటది" అనేది. అది నిజం కాదు. బిడ్డకు కావలసిన కాల్షియం మన తిండి నుంచి, అది చాలకపోతే మన ఎముకల నుంచి పోతుంది, పళ్ల నుంచి కాదు. అందుకే పాలు, పెరుగు, రాగిజావ, డాక్టర్ రాసిన కాల్షియం గోలీలు మానకు.

అత్తమ్మతో వాదన పెట్టుకోకు, వెంట తీసుకుపో. రెండోసారి ఐదో నెలలో నేను మా అత్తమ్మను హన్మకొండకు తీసుకుపోయి డాక్టర్ ముందే కూర్చోబెట్టాను. నా చెకప్ కార్డు, వాడే మందులు చూసి, ఏం చేస్తున్నారో డాక్టరే ఆమెకు చెప్పారు. అంతా విని ఆమె, "బిడ్డా, నా పన్ను కూడా ఒకటి కదులుతోంది, చూడు" అని కుర్చీ ఎక్కింది.