చెరువుల మీద ఆదాయం, అఫిడవిట్‌లో 'వ్యవసాయం': ఓటరు ఏం చేయగలడు?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారమండి. మాది గోదావరి డెల్టాలో ఓ పల్లెటూరు. మా నాన్నగారు కౌలుకు వరి చేస్తారు. 2024లో మా దగ్గర గెలిచిన నాయకుడి అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో చూశాను. ఐదేళ్లలో ఏ ఏడాదీ ఆయన ఐటీ రిటర్న్ ఆదాయం ఏడు లక్షలు దాటలేదు. ఆయన పేరిట, భార్య పేరిట చాలా భూమి ఉంది. అందులో సగం రొయ్యల చెరువులు, చేపల చెరువులేనని ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. అఫిడవిట్లో ఆదాయ మార్గం మాత్రం 'వ్యవసాయం' అని రాశారు. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టి ఆయన రిటర్నులు తీసుకోవచ్చా? అబద్ధమని తేలితే పదవి పోతుందా? బ్రిటన్లో పన్ను గొడవల్లో మంత్రుల పదవులే పోయాయి, మన దగ్గర ఎందుకు పోవు? ఈ వివరాలన్నీ మా వాట్సాప్ గ్రూపులో పెడితే నాకేమైనా ఇబ్బందా?

జవాబు: మీరు రాసిన ఉత్తరంలో నాయకుడి పేరు, నియోజకవర్గం పేరు ఉన్నాయి. అవి తీసేసి మిగతాది ఇచ్చాను. ఎందుకో వాట్సాప్ సంగతి దగ్గర చెబుతాను.

ముందు ఆర్టీఐ. ఆయన రిటర్నులు మీకు ఇవ్వరు. ఆదాయపు పన్ను రిటర్ను వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని చూపిస్తే తప్ప ఇవ్వనక్కర్లేదని 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆర్టీఐలో వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే సెక్షన్‌ను ఇంకా బిగించింది. దరఖాస్తు పెట్టే హక్కు మీకుంది, పెట్టండి. కానీ దాని మీదే ఆశ పెట్టుకుని నెలలు గడిపేయకండి.

మీ చేతిలో అంతకంటే పనికొచ్చేది ఇప్పటికే ఉంది. అదే ఆ అఫిడవిట్, అంటే ఫారం 26. అది మనకు ఊరికే రాలేదు. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసులు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, ఆ తీర్పును నీరుగార్చేలా పార్లమెంటు చట్టంలో ఓ సెక్షన్ చేర్చింది. 2003లో కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆస్తి ఎంతో చెబితే చాలదు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా చెప్పాలని 2018లో లోక్‌ప్రహరి కేసులో తీర్పు వచ్చింది. 2019 నుంచి అభ్యర్థి, భార్య లేదా భర్త, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్లు, వీళ్లందరి ఐదేళ్ల రిటర్న్ ఆదాయం కూడా ఫారంలో చూపాలి. ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను బకాయిలు చూపాలి, వివాదంలో ఉన్నవైనా సరే. ఇంతమంది పోరాడి తెచ్చిన కాగితం అది. మీలాంటి కుర్రాళ్లు కూర్చుని దాన్ని చదువుతున్నారంటే నాకు నిజంగా సంతోషం.

అయితే దాన్ని చదివేటప్పుడు ఒక్క చోట మీరు తొందరపడ్డారు. ఏడు లక్షల అంకె చూసి అబద్ధం అనుకున్నారు. ఫారంలో రాసేది రిటర్నులోని 'మొత్తం ఆదాయం'. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆ లెక్కలోకి అది రాదు. రిటర్నులో వేరే గడిలో కూర్చుంటుంది. ఐదు వేలకు మించితే మిగతా ఆదాయానికి ఏ రేటు వేయాలో తేల్చడానికి మాత్రం కలుపుతారు. అంటే కోనసీమలో పాతికెకరాల కొబ్బరి తోట, సార్వా దాళ్వా రెండూ పండే నలభై ఎకరాల మాగాణి ఉన్న మనిషి 'మొత్తం ఆదాయం' దగ్గర మూడు లక్షలు రాసినా అది పూర్తిగా నిజం కావచ్చు. ఆయన స్వయంగా సాగు చేయకుండా కౌలుకిచ్చినా అంతే. వ్యవసాయ భూమి మీద వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే. కాబట్టి మీ నాన్నగారిలాంటి వాళ్లు కట్టే కౌలు బస్తాల మీద ఏ నాయకుడైనా పన్ను కట్టలేదంటే అది నేరం కాదు. ఈ మినహాయింపు పెద్ద భూస్వాములకూ ఎందుకుండాలన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ అది చట్టాన్ని అడగాల్సిన ప్రశ్న, ఆ మనిషిని అడగాల్సింది కాదు.

అసలు విషయం చెరువుల దగ్గర ఉంది. భూమిని దున్ని, విత్తి, పండించే పనే వ్యవసాయమని 1957లో రాజా బినయ్ కుమార్ సహాస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. భూమితో సంబంధం ఉన్నంత మాత్రాన పాడి, కోళ్లు, పశువుల పెంపకం వ్యవసాయం అయిపోవని కూడా చెప్పింది. చేపల, రొయ్యల సాగు కూడా ఆ దారిలోనే వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది, దాని మీద పన్ను కట్టాల్సిందే. మనవాళ్లు 'ఆక్వా రైతు' అంటారు, ఆయన పడే కష్టం రైతు కష్టమే. పన్ను చట్టం మాత్రం ఆ ఇద్దర్నీ వేరుగా చూస్తుంది. ఇంకో సంగతి డెల్టాలో చాలామందికి తెలియదు. చెరువును తాను చేయకుండా లీజుకిచ్చేసినా ఆ లీజు డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు. పొలం కౌలుకు ఉన్న మినహాయింపు చెరువు లీజుకు లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి తప్ప ఈ తేడా మారలేదు.

ఇప్పుడు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: అఫిడవిట్లో 'వ్యవసాయం' అని రాసిన ఆదాయంలో చెరువుల డబ్బు ఉందా, లేదా? ఊళ్లో అందరూ అనుకోవడం దీనికి చాలదు. ఫారంలో సర్వే నంబర్లు ఉంటాయి. ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమి పోర్టల్లో ఆ నంబర్ల మీద అడంగల్ (ఏం సాగవుతోందో చెప్పే రికార్డు), 1బి (భూమి ఎవరిదో చెప్పే రికార్డు) తీయండి. రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీల ధ్రువపత్రం) తీయండి, లీజు రిజిస్టరు చేసుంటే అందులో కనిపిస్తుంది. మత్స్యశాఖ దగ్గర ఏ సర్వే నంబర్లో ఎంత విస్తీర్ణానికి చెరువు అనుమతి ఇచ్చారో ఆర్టీఐలో అడగండి. అది ఒకరి పన్ను వివరం కాదు, ప్రభుత్వం ఇచ్చిన అనుమతి. అందుకే ఆ దరఖాస్తు నెగ్గే అవకాశం చాలా ఎక్కువ. మీరు రిటర్నుల కోసం పెట్టే శ్రమ ఇక్కడ పెట్టండి.

భార్య పేరిట ఉన్న చెరువుల గురించి ఒక జాగ్రత్త. మన జిల్లాల్లో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద భూమి ఇవ్వడం మామూలే. అలా పుట్టింటి నుంచి వచ్చినదైతే దాని ఆదాయం ఆవిడదే, ఆవిడ రిటర్నులోనే ఉండాలి. అదే భర్త తన డబ్బుతో కొని భార్య పేరున పెడితే, దాని మీద వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలపాలని చట్టం. భూమి వారసత్వమా, కొనుగోలా, కొంటే ఎప్పుడు ఎంతకు అన్నది ఫారంలోనే రాయాలి. ఆ గడులు చూడండి.

ఇక పదవి సంగతి. ఇక్కడ మీకు నచ్చని మాటలు చెప్పాలి. ఎన్నికను సవాలు చేయాలంటే ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఆ నియోజకవర్గ ఓటరుగా మీరే వేయొచ్చు, పోటీ చేసి ఓడినవాళ్లే వెయ్యాలని లేదు. డిపాజిట్ కూడా 2,000 రూపాయలే. కానీ 2024 జూన్ 4న వచ్చిన ఫలితాలకు ఆ గడువు జులైలోనే అయిపోయింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు. ఒకవేళ గడువు ఉన్నా దారి సులువు కాదు. అభ్యర్థి తన ప్రతి చిన్న వస్తువూ చూపనక్కర్లేదని, దాచింది పెద్దదైతేనే తప్పని 2024 ఏప్రిల్లో కరిఖో క్రి కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 ఆగస్టులో ఆసిఫాబాద్ ఎమ్మెల్యే కోవ లక్ష్మి కేసు ఇంకా దగ్గరిది. ఐదేళ్లలో నాలుగేళ్ల రిటర్న్ ఆదాయం ఆమె అఫిడవిట్లో చూపలేదని ఓడిన అభ్యర్థి పిటిషన్ వేశారు. అది ఎన్నికను రద్దు చేసేంత పెద్ద లోపం కాదని కోర్టు తోసిపుచ్చింది. ఆస్తుల వివరాలు మిగతాచోట్ల చూపించారా, ఆదాయానికి పొంతన లేని సంపద ఉందా అన్నదే కోర్టు చూస్తోందని ఈ తీర్పుల వల్ల తెలుస్తోంది. మీ నాయకుడు భూములన్నీ చూపించారు. ఆదాయ మార్గం పేరు తప్పు రాశారన్నదే మీ అభ్యంతరం. దానితోనే ఎన్నిక రద్దవుతుందని నేను చెప్పలేను.

తప్పుడు అఫిడవిట్ ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఏ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంత చిన్న శిక్ష ఉన్న నేరానికి కోర్టు విచారణకు తీసుకునే గడువు మామూలుగా ఏడాదే. గడువు దాటితే ఆలస్యానికి సరైన కారణం చూపించి మేజిస్ట్రేటును ఒప్పించాలి. ఒప్పించి శిక్ష పడేలా చేసినా, ఆ శిక్షతో పదవి పోదు. ఈ నేరానికి కనీసం రెండేళ్ల శిక్ష పెట్టాలని, దోషిగా తేలితే అనర్హత వేటు పడాలని లా కమిషన్ 2014లో తన 244వ నివేదికలో సిఫార్సు చేసింది. చట్టంలో ఆ మార్పు ఇప్పటికీ చేయలేదు. కోట్ల మంది ఓటర్ల ముందు ప్రమాణం చేసి చెప్పే అబద్ధానికి ఇంత తేలికైన శిక్ష పెట్టడం నాకు మింగుడుపడదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ సెక్షన్ జోలికి వెళ్లలేదు.

మరి మీకు తెరిచి ఉన్న దారి? పన్ను ఎగవేత ఫిర్యాదు. ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ వెబ్‌సైట్లో 2021 జనవరి నుంచి ఇందుకు ప్రత్యేకంగా ఏర్పాటు ఉంది. పాన్ లేనివాళ్లూ ఇవ్వొచ్చు. ఫిర్యాదుకు నంబరు వస్తుంది, స్థితి చూసుకోవచ్చు, కానీ లోపల ఏం జరిగిందో వివరంగా మీకు చెప్పరు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎప్పటి నుంచి చెరువు, ఎవరు లీజుదారు, ఇవి రాస్తే ఫిర్యాదుకు బలం. 'అందరికీ తెలుసు' అని రాస్తే అది పక్కకు పోతుంది. ఆలస్యం చేయకండి. పాత ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మూసేసిన అసెస్‌మెంట్‌ను (పన్ను లెక్కను) ఆ అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఏడాది, ముగిసిన 3 ఏళ్ల 3 నెలల దాకా తిరగదోడొచ్చు. దాచిన ఆదాయం 50 లక్షలో అంతకు మించో ఉంటే 5 ఏళ్ల 3 నెలల దాకా. శాఖ పట్టుదలగా నిలబడితే పెద్దవాళ్లూ కోర్టు మెట్లెక్కారు. 1990ల తొలి ఏళ్ల రిటర్నులు వేయలేదన్న కేసులో జయలలిత విచారణ ఎదుర్కోవాల్సిందేనని 2014 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి ఆ కేసు రాజీ రుసుముతో ముగిసింది, అదీ నిజమే.

బ్రిటన్ సంగతి మీరు సగమే విన్నారు. నదీమ్ జహావీని 2023 జనవరిలో ప్రధాని మంత్రివర్గం నుంచి తీసేశారు. పన్ను అధికారులు విధించిన పెనాల్టీ విషయం సరిగా వెల్లడించలేదని విచారణలో తేలింది. ఏంజెలా రేనర్ ఓ ఫ్లాటు మీద స్టాంప్ డ్యూటీ తక్కువ కట్టినందుకు 2025 సెప్టెంబరులో ఉప ప్రధాని పదవికి రాజీనామా చేశారు. ఇద్దరికీ పోయింది మంత్రి పదవి, ఎంపీ సీటు పోలేదు. అక్కడ కూడా పన్ను రిటర్నులు జనానికి ఇవ్వరు. తేడా ఎక్కడంటే, మంత్రుల నడవడిని విచారించి నివేదిక బయటపెట్టే స్వతంత్ర సలహాదారు అక్కడ ఉన్నారు. మన మంత్రులకూ ప్రవర్తనా నియమావళి ఉంది, అలా విచారించే మనిషి లేరు. మనం అడగాల్సింది అది.

వాట్సాప్ గురించి. అఫిడవిట్ బహిరంగ పత్రం, దాన్ని ఉన్నది ఉన్నట్టు గ్రూపులో పెట్టడం తప్పు కాదు. 'ఫలానా సర్వే నంబర్లో చెరువు అనుమతి ఉంది, అఫిడవిట్లో వ్యవసాయం అని ఉంది, వివరణ ఇవ్వండి' అని అడగడమూ తప్పు కాదు. 'పన్ను దొంగ' అని రాయకండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువు నష్టానికి రెండేళ్ల దాకా శిక్ష ఉంది. నిజమే రాశాను, ప్రజల మేలు కోసమే రాశాను అని నిరూపించుకోవాల్సిన బరువు మీ మీద పడుతుంది. నేను పేర్లు తీసేసిందీ ఇందుకే. ఆయన చెరువుల మీద పన్ను కట్టారో లేదో మీకూ నాకూ తెలియదు. భార్య రిటర్నులో చూపి ఉండొచ్చు కూడా.

మీ నాన్నగారు చేసే కౌలు భూమి ఎవరిదో మీరు రాయలేదు. ఆ నాయకుడిదో, ఆయన బంధువులదో అయితే గ్రూపులో పెట్టేముందు ఇంట్లో మాట్లాడండి. మన దగ్గర కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది, వచ్చే సార్వాకు ఆ పొలం ఇవ్వనంటే అడిగే దారి ఉండదు. అలాంటప్పుడు పేరు బయటపడని పన్ను ఫిర్యాదే మీకు మంచిది. వచ్చే ఎన్నికల్లో ఆయన మళ్లీ నామినేషన్ వేస్తే, పరిశీలన రోజుకు ముందే మీ ఆధారాలతో ప్రమాణపత్రం రాసి రిటర్నింగ్ అధికారికి ఇవ్వండి. దాన్ని కూడా అభ్యర్థి అఫిడవిట్‌తో పాటు జనానికి చూపించాలని ఎన్నికల సంఘం ఆదేశాలున్నాయి. అడంగల్, ఈసీ, మత్స్యశాఖ జవాబు ఇప్పటి నుంచే తేదీలతో ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆ ప్రమాణపత్రం రాయాల్సి వచ్చినప్పుడు దగ్గర్లోని ఏ వకీలు అయినా అరగంటలో రాసిపెడతారు.