మూడు మిల్లీమీటర్లు చూసి తీర్పు రాయకు

చి. అమ్ములుకి పెద్దనాన్న ఆశీస్సులు.

బరంపురంలో పిల్లల అలర్జీ క్లినిక్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది.

తల్లి "బాదం తిన్నాడు, దద్దుర్లొచ్చాయి" అంటే అలాగే రాసుకోకు. ఒడియా వాళ్లు వేరుశనగనీ బాదం అనేస్తారు. పల్లీ, బాదం, జీడిపప్పు మూడు మూత సీసాల్లో బల్లమీద పెట్టుకుని ఏదో చూపించమను. తిన్న ఎంతసేపటికి వచ్చిందో అడుగు. నిమిషాల నుంచి రెండు గంటల్లోపైతేనే మన అనుమానం.

చర్మం మీద గుచ్చే పరీక్షకు వారం ముందే సెట్రిజిన్ మాన్పించు. అది అలర్జీ మాత్ర; మానకపోతే, అందరికీ ఉబ్బాల్సిన హిస్టమిన్ చుక్క కూడా ఉబ్బదు. పావుగంటకు ఉబ్బు కొలువు.

ఇక అందరూ చేసే తప్పు. ఎగ్జిమా (చర్మం ఎండి దురదపెట్టే జబ్బు) మచ్చలున్న పిల్లాడికి ఇరవై చుక్కల ప్యానెల్, అంటే ఒకేసారి ఇరవై పదార్థాలకి పరీక్ష, వేస్తారు. పల్లీ దగ్గర, పోల్చడానికి వేసిన ఉత్త సెలైన్ చుక్క కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బుతుంది. "జన్మలో పల్లీ ముట్టొద్దు" అని చీటీ రాసేస్తారు. ఆ పిల్లాడు రోజూ ఇడ్లీలోకి పల్లీ చట్నీ తింటున్నాడా అని ఒక్కరూ అడగరు! ఉబ్బు చెప్పేది ఒంట్లో యాంటీబాడీ ఉందని, అంతే. తింటే పడదని కాదు. పైగా హాయిగా తినేవాడికి మాన్పిస్తే, కొందరికి తర్వాత నిజంగానే పడకుండా పోతుంది. తిన్నాక ఏమైందన్న కథ లేనిదే పరీక్ష రాయకు, తల్లీ. కథ కలిసి, ఉబ్బు 8 మిల్లీమీటర్లు దాటినా, రక్తంలో పల్లీ ఐజీఈ (అలర్జీ తెచ్చే యాంటీబాడీ) లీటరుకి 15 కిలోయూనిట్లు దాటినా దాదాపు అలర్జీయే. మధ్యలో ఉంటే ఆరా హెచ్ 2 (పల్లీలోని ఒక ప్రొటీను మీది ఐజీఈ చూసే రక్తపరీక్ష) చేయించు. అదీ తేల్చకపోతే తినిపించి చూడాల్సిందే. ఐజీజీ (అలర్జీని తేల్చని వేరే యాంటీబాడీ) ప్యానెళ్లు అమ్మేవాళ్లని గుమ్మంలోంచే పంపెయ్యి.

తినిపించే పరీక్ష ఉడికించిన పల్లీతో వద్దు. ఉడికితే ప్రొటీను కొంత నీళ్లలోకి పోతుంది. వేయించి పొడి కొట్టు. ప్రొటీను లెక్కన 3, 10, 30, 100, 300, 1000, 3000 మిల్లీగ్రాములు, మధ్యలో ఇరవై నిమిషాలు. పల్లీలో ప్రొటీను నాలుగో వంతే కాబట్టి మొదటి మోతాదుకి పొడి 12 మిల్లీగ్రాములు. వంటింటి చెంచా లెక్కకి రాదు, మంచి త్రాసు కొను. ఆయాసమో జ్వరమో ఉన్నరోజు వాయిదా వెయ్యి. ఆఖరి మోతాదు తర్వాత రెండు గంటలు కదలనివ్వకు.

నా భయమంతా ఇక్కడే. మొదట్లో ఎమర్జెన్సీ వార్డు పక్కనున్న చోటే చెయ్యి. మొదలుపెట్టకముందే పిల్లాడి బరువు, అడ్రినలిన్ మోతాదు గోడమీద రాయి: మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉండే (1:1000) మందైతే కిలోకి 0.01 మిల్లీలీటరు, 15 కిలోలకి 0.15, తొడ బయటి కండలోకి. ఊపిరో బీపీయో తేడా వస్తే ముందు ఇదే, ఏవిల్ (మామూలు అలర్జీ సూది) కాదు. పడుకోబెట్టు, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వు, నిలబెట్టకు. అయిదు నిమిషాల్లో కుదుటపడకపోతే మళ్లీ ఇవ్వు.

మొదటిది చేసే ముందురోజు ట్రే ఫొటో పంపు. సిరంజిలు రెండుండాలి.