ప్రశ్నలు - జవాబులు: కిరీటం పెట్టుకోని రాణి

ప్రశ్న: 2024లో డెన్మార్క్ రాణి రెండో మార్గరెత్ దిగిపోయి కొడుకును రాజును చేశారు. టీవీలో ఎంత చూసినా కిరీటం కనపడలేదు. పట్టాభిషేకం ఎప్పుడు జరిగింది?

జవాబు: జరగలేదు, జరగదు కూడా. చివరిసారి 1840లో ఎనిమిదో క్రిస్టియన్‌కు జరిగింది. 1849 రాజ్యాంగం వచ్చి నిరంకుశ పాలనతో పాటు ఆ తంతునూ సాగనంపింది. కిరీటం ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లోని రోసెన్‌బోర్గ్ కోటలో ఉంది. రాజు బతికుండగా తలకెక్కదు, పోయాక శవపేటిక మీదికి చేరుతుంది.

అసలు పని ఒక బల్ల దగ్గర అయిపోయింది. జనవరి 14న క్రిస్టియన్స్‌బోర్గ్ భవనంలో మంత్రులంతా కూర్చుని ఉండగా, మధ్యాహ్నం రెండింటికి మార్గరెత్ పదవీ విరమణ పత్రంపై సంతకం చేశారు. ఆ క్షణం నుంచి ఫ్రెడరిక్ రాజు. ఆమె లేచి, తన కుర్చీ కొడుక్కి చూపించి, ‘దేవుడు రాజును కాపాడుగాక’ అని బయటికి నడిచారు. మూడింటికి ప్రధాని బాల్కనీలోంచి మూడుసార్లు ప్రకటించారే, అది జనానికి కబురు చెప్పడమే. సరిగ్గా 52 ఏళ్ల కిందట అదే తేదీన తండ్రి చనిపోతే ఆమె గద్దెనెక్కారు.

ప్రశ్న: చట్టాలకు రాజు లేదా రాణి సంతకం కావాలట. పెట్టనంటే?

జవాబు: కాగితం మీద, 30 రోజుల్లో ఆమోదం పడకపోతే బిల్లు చట్టం కాదు. కానీ ఆ సంతకం ఒక్కటే దేనికీ చెల్లదు, పక్కన మంత్రి సంతకం ఉండాలి. తప్పొస్తే పట్టుకునేది మంత్రినే. ఎదురు తిరిగితే ఏమవుతుందో మార్గరెత్ తాత పదో క్రిస్టియన్ చూపించాడు. 1920లో, ఫ్లెన్స్‌బోర్గ్ పట్టణం జర్మనీకి వదిలేస్తున్నారన్న కోపంతో ప్రధాని సాలెను తీసేశాడు. కార్మిక సంఘాలు సార్వత్రిక సమ్మెకు సిద్ధమయ్యాయి, రాజరికమే వద్దన్న మాటా లేచింది. కొద్ది రోజుల్లోనే రాజు వెనక్కి తగ్గాడు. మనవరాలు ఆ పాఠాన్ని 52 ఏళ్లూ మరవలేదు.

ప్రశ్న: ఆడపిల్లకు రాజ్యం ముందునుంచీ ఉందా?

జవాబు: లేదు. మార్గరెత్ తండ్రి తొమ్మిదో ఫ్రెడరిక్‌కు ముగ్గురూ కూతుళ్లే. 1953లో రాజ్యాంగంతో పాటు వారసత్వ చట్టాన్నీ మార్చడానికి ప్రజల ఓటు అడిగారు. మెలిక ఏమిటంటే, పోలైన ఓట్లలో కాదు, మొత్తం ఓటర్లలో 45 శాతం ‘అవును’ అనాలి. వచ్చింది 45.76. ఆ ముప్పాతిక శాతం జారిపోయి ఉంటే, పదమూడేళ్ల మార్గరెత్‌ను దాటి వారసత్వం బాబాయి క్నూడ్‌ దగ్గరే ఉండిపోయేది.